పూల కాడకు పిలక పుట్టింది!

జూలై సగం దాటేసరికి అమెరికాలో ఇళ్ల ముందు కటర్ల చప్పుడు మొదలవుతుంది. పూలు అయిపోయిన డే లిల్లీ కాడలు చూడ్డానికి బాగుండవని, కాయ పడితే మొక్క బలమంతా అటే పోతుందని ఎవరికి వారు మొదలంటా కోసి చెత్త సంచిలో వేసేస్తుంటారు. తోటపని తెలిసినవాళ్లు చెప్పే మాటే అది, తప్పేమీ లేదు. కాకపోతే ఆ సంచుల్లో ఎండు కాడలతోపాటు బతికున్న మొక్కలూ కొన్ని పోతుంటాయి. కాడ సగం పైన, కణుపు దగ్గర, చిటికెన వేలంత ఆకుపచ్చ ఆకుల గుత్తి ఒకటి పొడుచుకొచ్చి ఉంటుంది. చాలామంది దాన్ని చూడరు. చూసినా, కాడకు పుట్టిన మరో ఆకేదో అనుకుంటారు. నిజానికది తల్లి పోలిక ఇసుమంత తప్పని పిల్ల మొక్క. దాన్ని నాటితే వచ్చే ఏడో ఆ పై ఏడో అవే పూలు పూస్తుంది.

మన మాటలో చెప్పాలంటే పిలక. అరటికి నేలలో పుట్టేది, దీనికి గాల్లో పుడుతుంది.

ముందు ఈ లిల్లీ ఏ లిల్లీయో తేల్చుకుందాం. గుడిమల్కాపూర్ మార్కెట్లో కిలోల లెక్కన తూచి అమ్మే లిల్లీ వేరు, అది నేలసంపెంగ. తొలకరి జల్లుకి కుండీల్లో విచ్చుకునే రెయిన్ లిల్లీ వేరు. డే లిల్లీకి దుంప ఉండదు. నేలలో లావుపాటి వేళ్లు, వాటి పైన గట్టి మొదలు, ఆ మొదలు నుంచి రెండు వైపులా విసనకర్రలా పరుచుకున్న పొడవాటి ఆకులు. శాస్త్రజ్ఞులు పెట్టిన పేరు హెమెరోకాలిస్. ఒకప్పుడు దీన్ని లిల్లీల కుటుంబంలోనే లెక్కవేసేవారు. ఇప్పుడు తీసుకెళ్లి మన కలబంద ఉండే కుటుంబంలో చేర్చారు. పువ్వు పొద్దున విచ్చి సాయంత్రానికో రాత్రికో వాడిపోతుంది, అందుకే ఆ పేరు. కాడకు పది పదిహేను మొగ్గలు, దుబ్బుకు నాలుగైదు కాడలు ఉంటాయి కాబట్టి చూసేవాళ్లకి మాత్రం వారాల తరబడి పూస్తున్నట్టే ఉంటుంది.

పుట్టిల్లు తూర్పు ఆసియా. చైనా, కొరియా, జపాన్ కొండవాలుల్లో అడవి రకాలు ఇప్పటికీ ఉన్నాయి. చైనాలో ఇది అమ్మకు గుర్తుగా చెప్పుకునే పువ్వు, వంటింటి సరుకు కూడా. ఒక రకం మొగ్గల్ని విచ్చకముందే కోసి, ఆవిరి పట్టి, ఎండబెట్టి పులుసుల్లో వేస్తారు. చైనా సరుకులమ్మే దుకాణాల్లో పసుపు గోధుమరంగు పుల్లల్లా పొట్లాల్లో కనిపించేవి అవే. 16వ శతాబ్దంలోనే ఐరోపా తోటలకు చేరింది, అక్కడి నుంచి వలసవాళ్లతో అమెరికాకు వెళ్లింది.

విత్తనం లేకుండా ఖండం దాటిన మొక్క

అమెరికాలో ఉంటున్నవాళ్లకి రోడ్ల పక్క కాలవగట్ల మీద జూన్ నెలలో నారింజ రంగు పూలు బారులు తీరి కనిపిస్తుంటాయి. ఎవరూ నాటలేదు, నీళ్లు పోయలేదు. అక్కడివాళ్లు వాటిని డిచ్ లిల్లీలంటారు. పాడుబడిన ఇంటి పునాది రాళ్ల పక్కన, ఇల్లు లేకపోయినా, ఈ దుబ్బు మాత్రం ఉంటుంది. కొన్ని రాష్ట్రాల్లో దీన్ని కలుపు కింద లెక్కేసి పీకేయమంటున్నారు కూడా.

ఇంతగా వ్యాపించిన ఈ మొక్క మామూలుగా గింజ పట్టదు.

విస్కాన్సిన్ పల్లెలో పెరిగిన ఆర్లో స్టౌట్ అనే కుర్రాడికి ఈ సంగతి చిన్నప్పుడే వింతగా తోచింది. వాళ్లమ్మ పెంచే నారింజ డే లిల్లీలు ఏటా విరగబూస్తాయి, ఒక్క కాయ నిలవదు. 1876లో పుట్టిన ఆయన పెద్దయ్యాక వృక్షశాస్త్రం చదివి, 1911లో న్యూయార్క్ బొటానికల్ గార్డెన్‌లో చేరి, ఆ చిన్ననాటి ప్రశ్ననే పట్టుకున్నారు. తేలింది ఇదీ: మామూలు డే లిల్లీకి 22 క్రోమోజోములు, అంటే రెండు జట్లు. కాలవగట్టు రకానికి 33, మూడు జట్లు. మూడు జట్లను సమంగా రెండుగా పంచడం కుదరదు కాబట్టి పుప్పొడి, అండాలు చాలావరకు చెల్లనివే తయారవుతాయి. దానికి తోడు తన పుప్పొడి తనకే పనికిరాదు. స్టౌట్ ఆ రకానికి యూరోపా అని పేరు పెట్టారు. ఐరోపాలోనూ అమెరికాలోనూ ఉన్న లక్షల యూరోపా దుబ్బులన్నీ ఒకే ఒక్క మొక్క ముక్కలు. వేరు ముక్కని ఒకరు మరొకరికి ఇస్తే, బండిలో వేసుకుని పడమరకు తీసుకెళ్తే, విసిరేస్తే కాలవలో పడి బతికితే వచ్చినవి.

స్టౌట్ అక్కడితో ఆగలేదు. చైనాలో పనిచేస్తున్న వృక్షశాస్త్రవేత్తల ద్వారా అడవి రకాలు తెప్పించి, వాటితో కలిపి, ఎరుపు, గులాబి వన్నెల్ని పూలలోకి లాక్కొచ్చారు. ఆయన తయారుచేసిన ముదురెరుపు రకం థెరాన్, ఆయన డే లిల్లీల పుస్తకం, రెండూ 1934 నాటివే. అప్పటిదాకా పసుపు, నారింజ తప్ప మరో రంగు ఎరగని పువ్వు ఆ తర్వాత పిచ్చిగా మారిపోయింది. 1946లో మొదలైన అక్కడి డే లిల్లీ ప్రియుల సంఘం ప్రపంచం మొత్తానికీ ఈ పూల పేర్ల రిజిస్టరు నడుపుతోంది. అందులో నమోదైన పేర్లు లక్ష దాటాయి. కొత్త రకం మార్కెట్లోకి వచ్చిన ఏడాది ఒక్క మొక్కకు వంద డాలర్ల పైన పెట్టడానికీ వెనకాడని వాళ్లున్నారు.

ఆ లక్ష పేర్లలో ఏ పేరైనా తీసుకోండి, అది ఒక్క గింజ నుంచి మొలిచిన ఒక్క మొక్కది. దాని గింజ తీసి నాటితే తల్లి రాదు, ఇంకేదో వస్తుంది. రంగు మారుతుంది, రెక్క అంచు మారుతుంది, చాలాసార్లు తల్లికన్నా నాసిగా ఉంటుంది. పైగా పూయడానికి రెండు మూడేళ్లు పడుతుంది. పేరు నిలవాలంటే మొక్కలోని ముక్కే కావాలి. దానికి అందరికీ తెలిసిన దారి దుబ్బు తవ్వి విడదీయడం. అది బాగానే ఉంటుంది గానీ దుబ్బును కదపాలి, వేళ్లు తెగుతాయి, ఆ ఏడు పూలు తగ్గుతాయి. కొత్తగా కొన్న ఖరీదైన ఒంటి మొక్కకైతే విడదీయడానికి దుబ్బే ఉండదు. కాడకు పుట్టిన పిలక విలువ సరిగ్గా అక్కడ తెలుస్తుంది. తల్లిని ముట్టుకోకుండా, పైసా ఖర్చు లేకుండా, పేరు మారకుండా మరో మొక్క.

గాల్లో ఎందుకు పుడుతుంది

డే లిల్లీ పూల కాడను వేలితో కిందినుంచి పైకి తడిమి చూస్తే అక్కడక్కడా చిన్న కణుపులు తగులుతాయి. ప్రతి కణుపు దగ్గరా కాడను అంటిపెట్టుకుని పలచటి చిన్న ఆకు, దాని చంకలో నిద్రపోతున్న మొగ్గ ఉంటాయి. పైనున్న కణుపుల్లో ఆ మొగ్గ పూల కొమ్మవుతుంది. కిందివాటిలో సాధారణంగా ఏమీ కాదు. ఎప్పుడైనా కాడ లోపల హార్మోన్ల తూకం మారితే, అదే మొగ్గ పువ్వు దారి వదిలి ఆకుల దారి పడుతుంది. మొక్కలో కొత్త చిగుళ్లను లేపే సైటోకైనిన్ హార్మోన్ల పాలు పెరిగితే అలా జరుగుతుంది. సంకరాలు చేసేవాళ్లు కొందరు ఈ కిటుకు తెలిసి, ఆ హార్మోను కలిపిన లేపనాన్ని కణుపులకు పూసి పిలకల్ని బలవంతంగా పుట్టిస్తారు కూడా. ఇంటి తోటకు ఆ తిప్పలు అక్కర్లేదు.

అన్ని రకాలకీ రావు. కొన్ని రకాలు ఏటా కాడకొకటి ఇస్తాయి, కొన్ని జన్మలో ఇవ్వవు. వేడి, తేమ కలిసిన కాలంలో ఎక్కువ. పూత చివరికొచ్చాక, కాడ ఇంకా పచ్చగా ఉండగా బయటపడతాయి. ఈ ఏడు ఇచ్చిన మొక్క వచ్చే ఏడు ఇస్తుందన్న హామీ లేదు.

ఇదేదో పరాయి మొక్క విడ్డూరం అనుకోనక్కర్లేదు. పొలం గట్లకి కంచెగా నాటిన కిత్తనార మనకు కొత్తదేం కాదు. ఏళ్ల తరబడి కదలకుండా కూర్చుని, చివరికి ఒక్కసారి స్తంభమంత పూల కాడ వేసి, పూలు రాలాక ఆ కొమ్మల నిండా వందల పిలకలు మోస్తుంది. దానికీ విత్తనం అరుదే. పిలకలు నేలరాలి, పడ్డచోటే వేరూనుతాయి. తేడా ఒక్కటే, కిత్తనార తల్లి ఆ పూతతో చచ్చిపోతుంది, డే లిల్లీ తల్లికి ఏమీ కాదు. రణపాల ఆకు అంచుల్లో పుట్టే పిల్లల్ని పుస్తకాల మధ్య దాచుకోని బాల్యం మనలో ఎంతమందికి ఉంది? అమెరికా కిరాణా దుకాణాల్లో కొనుక్కొచ్చే ఫాలెనాప్సిస్ ఆర్కిడ్ కూడా పూల కాడ కణుపుల్లో పిల్లల్ని పెడుతుంది.

ఆరునెలల అతిథుల కన్ను

న్యూజెర్సీలోనో డల్లాస్‌లోనో షార్లెట్‌లోనో ఉన్న పిల్లల దగ్గరికి మన తల్లిదండ్రులు వెళ్లేది వేసవిలో. మేలో దిగి అక్టోబరు దాకా ఉంటారు. పెరట్లో గోంగూర, సొర, దోస వేసేది వాళ్లే. ఇంటి ముందు డే లిల్లీలు పూసేదీ సరిగ్గా అప్పుడే. అయితే ఆ ముందరి మళ్లు కాలనీ సంఘం మనుషుల చేతిలోనో, లాన్ కోసేవాళ్ల చేతిలోనో ఉంటాయి.

"అమ్మాయ్, ఈ పువ్వుకి పిల్ల వచ్చినట్టుందే" అని అత్తగారంటే, "ఏదో పిచ్చి ఆకు అయ్యుంటుందిలే అత్తయ్యా, శుక్రవారం లాన్‌వాళ్లొస్తారు, కోసేస్తారు" అని కోడలనడం ఎక్కడైనా జరిగేదే. ఇక్కడ అత్తగారి మాటే వినాలి. అరటి తోటలో సూది మొన ఆకులున్న పిలకని ఏరి, వెడల్పాటి ఆకులతో ఊరికే ఏపుగా కనిపించే నీటి పిలకని పక్కన పడేయడం చూసిన కళ్లవి. మొక్కకి ఎక్కడ ప్రాణముందో పుస్తకం చూడకుండా చెప్పగలవు. ఆ పిలకని ఏం చెయ్యాలన్నదే తెలియాలి, అది పెద్ద విద్యేం కాదు.

తొందరపడకూడదు. ఆకులు మూడో నాలుగో విచ్చి, రెండు మూడు అంగుళాల పొడవు వచ్చేదాకా కాడ మీదే ఉండనివ్వాలి. తిండి పెట్టేది కాడే. అలాగని మరీ ఆలస్యం చేసినా ముప్పే. కాడ పసుపు తిరిగి ఎండడం మొదలైతే నీరు అందక పిలక వాడిపోతుంది. పచ్చదనం పోకముందే కొయ్యాలి. అదే కాడ మీద సంకరం కోసం కాయ కట్టించినవాళ్లకి మాత్రం ఇబ్బంది. కాయ పండడానికి నెలన్నర నుంచి రెండు నెలలు పడుతుంది, అంతదాకా కాడను కొయ్యడానికి లేదు. అలాంటప్పుడు కణుపు చుట్టూ తడి నాచు పెట్టి ప్లాస్టిక్ కాగితం చుట్టేస్తారు. మన తోటల్లో జామకు, దానిమ్మకు కట్టే గాలి అంటు లాంటిదే.

మామూలు సందర్భంలో ఇంత హడావిడి లేదు. పిలకకు పైన ఒక అంగుళం, కింద ఒకటి రెండు అంగుళాలు కాడ ఉండేలా శుభ్రమైన కటర్‌తో కొయ్యండి. కింది ముక్క మట్టిలో మేకులా నిలబెడుతుంది. ఇప్పుడు పిలక మొదలును చుట్టుకుని ఉన్న ఎండిన పొరను గోటితో నెమ్మదిగా లాగేయండి. ఇది చాలామంది వదిలేసే పని, అసలు కీలకం ఇక్కడే ఉంది. ఆ పొర కింద ఆవగింజంత లేత బొడిపెలు, తెల్లగానో లేత ఆకుపచ్చగానో, నాలుగైదు వరసగా కనిపిస్తే అవి పుట్టబోయే వేళ్లు. కొన్నిసార్లు అర అంగుళం వేళ్లే వచ్చేసి, దారిలేక పొరలోపలే చుట్టుకుని ఉంటాయి. బొడిపెలున్న పిలక దాదాపు బతికినట్టే. లేకపోయినా పారెయ్యొద్దు, కాస్త ఎక్కువ రోజులు పడుతుందంతే.

ఆకుల్ని సగానికి కత్తిరించాలి. వేళ్లు లేని మొక్క అంత ఆకును పోషించలేదు. నీరు నిలవని మట్టి, కోకోపీట్, కాస్త ఇసుకో పెర్లైటో కలిపి చిన్న కుండీలో నింపి, పిలక మొదలు మట్టిలోకి అర అంగుళం మాత్రమే దిగేలా నాటండి. లోతుగా పాతితే కుళ్లుతుంది. వేరు హార్మోను పొడి ఉంటే అద్దవచ్చు, లేకపోతే బెంగ పడక్కర్లేదు. పైన ప్లాస్టిక్ సంచి వదులుగా కప్పి, ఎండ నేరుగా తగలని వెలుతురులో పెట్టాలి. మట్టి తడి ఆరకూడదు, బురద కాకూడదు. రెండు మూడు వారాలకు ఆకు మధ్యనుంచి కొత్త చిగురు వస్తే వేరు పట్టిందని గుర్తు. అప్పుడు సంచి తీసి, రోజుకు కాసింత చొప్పున ఎండ అలవాటు చెయ్యండి.

నీళ్ల గ్లాసులో పెట్టి వేళ్లు రప్పించేవాళ్లూ ఉన్నారు. కాడ ముక్క మునిగి, పిలక మొదలు నీటి అంచును తాకీ తాకనట్టు ఉంచుతారు. వేళ్లు వస్తాయి, కళ్లారా చూడొచ్చు, పిల్లలకు సరదా. కానీ నీటిలో వచ్చిన వేళ్లు పెళుసుగా ఉంటాయి, మట్టిలోకి మార్చేటప్పుడు విరుగుతాయి. నన్నడిగితే నేరుగా మట్టే మేలు. కాడ పొడుగ్గా, వంగేలా ఉంటే అసలు కొయ్యకుండానే నేలంటు కట్టవచ్చు. పక్కన కుండీ పెట్టి, కాడను వంచి, కణుపు మట్టికి ఆనేలా తీగ ముక్కతో బిగించి, వేళ్లు పట్టాక అప్పుడు తల్లి నుంచి వేరుచేయడం. మల్లె తీగకు మనవాళ్లు చేసే పనే ఇది.

మంచు పడే రాష్ట్రాల్లో ఒక జాగ్రత్త. ఆగస్టు చివర్లో నాటిన పిలకకి నేల గడ్డకట్టేలోపు వేళ్లు దిగే వ్యవధి చాలదు. మొదటి చలికాలం కుండీలోనే, గరాజులోనో చలి తగలని వరండాలోనో గడపనివ్వాలి. వసంతంలో నేలలో పెడితే సరి. కుండీకి రకం పేరు రాసి గుచ్చడం మరిచిపోవద్దు. పేరు పోయిన డే లిల్లీ ఎంత అందంగా ఉన్నా, ఆ లోకంలో దానికి విలువ లేదు.

చేయకూడనివి

ఇంట్లో పిల్లి ఉంటే ఈ మొక్కని దగ్గరకు రానివ్వొద్దు. డే లిల్లీ ఆకు, పువ్వు, పుప్పొడి ఏది నోట పడినా పిల్లి మూత్రపిండాలు పాడై చచ్చిపోవచ్చు. వేరు పట్టించే కుండీని కిటికీలో పెట్టేముందు ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

తుప్పు తెగులు ఉన్న మొక్క పిలకని ఎవరికీ ఇవ్వొద్దు. ఆకు అడుగున నారింజ రంగు పొడి ఉండి, తెల్ల కాగితంతో తుడిస్తే మరక పడితే అది తుప్పే. అమెరికాలో ఈ తెగులు మొదటిసారి బయటపడింది 2000లో. ఉత్తరాన చలికి ఆకులతోపాటు పోతుంది గానీ, ఫ్లోరిడా, టెక్సస్ వైపు ఆకు ఏడాదంతా పచ్చగా ఉండే చోట తిష్ఠ వేస్తుంది.

పేటెంటు ఉన్న రకాల విషయంలో చట్టం అడ్డొస్తుంది. అమెరికాలో 1930 నాటి చట్టం ప్రకారం పేటెంటు పొందిన మొక్కను విత్తనం ద్వారా కాకుండా, అనుమతి లేకుండా పెంచడం నిషిద్ధం. పిలకలూ అందులోకే వస్తాయి. పెద్ద నర్సరీలు అమ్మే కొన్ని రకాల చీటీ మీద ఆ మాట రాసి ఉంటుంది, చదువుకోవాలి. సంకరాలు చేసేవాళ్లు ఏటా విడుదల చేసే రకాల్లో చాలావాటికి ఈ బెడద లేదు.

ఇక అసలు ఆశ సూట్‌కేసు. తిరుగు ప్రయాణంలో, తడి కాగితంలో చుట్టి బట్టల మధ్య పెట్టి తెనాలికో వరంగల్‌కో పట్టుకుపోదామని ఏ అమ్మకైనా అనిపిస్తుంది. చేతి వేలంత మొక్క, ఎవరికి తెలుస్తుంది? కానీ మన దేశంలోకి బతికున్న మొక్క రావాలంటే 2003 నాటి ప్లాంట్ క్వారంటైన్ ఉత్తర్వు ప్రకారం ముందస్తు దిగుమతి అనుమతి, ఆ దేశపు ఆరోగ్య ధ్రువపత్రం రెండూ ఉండాలి. ఇది కాగితాల గొడవ మాత్రమే కాదు. ఆ తుప్పు తెగులు కూడా ఆసియా నుంచి అమెరికాకు మొక్కలతో వలస వెళ్లినదే. మన కరివేపాకును అమెరికా విమానాశ్రయంలో ఆపేయడం వెనకా, నిమ్మ జాతి తోటల్ని నాశనం చేసే తెగులును మోసే చిన్న పురుగు భయమే ఉంది.

మన దగ్గర పెంచుకోవాలనుంటే ఇక్కడి నర్సరీలోనే అడగండి. చలికాలంలో ఆకు రాల్చి నిద్రపోయే రకాలు మన వేడికి నిలవవు. ఏడాదంతా పచ్చగా ఉండే రకమే తీసుకోండి, మధ్యాహ్నపు ఎండ తగలనిచోట పెట్టండి. అక్కడ పుట్టిన పిలకని మాత్రం అక్కడే, పక్కింటివాళ్లకో కోడలి ఆఫీసు స్నేహితురాలికో ఇచ్చి విమానం ఎక్కండి.